పిల్లాడికి డర్ట్ బైక్: టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా, అసలు కొనాలా?

మా విజయవాడ పటమటలో బండిని టాటా ఏస్‌లోంచి దించుతుంటే చుట్టూ చేరినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంతిస్తుందండీ?" రెండోది "ఎంత స్పీడు పోతుంది?" రెండున్నరేళ్లుగా ఈ రెండింటికీ నవ్వి ఊరుకుంటున్నాను. మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద గుట్టలు దూకించే పందెం) బండికి కిలోమీటర్ల లెక్క ఉండదు, మీటరే ఉండదు. గంటల లెక్కే. ఇన్ని గంటలకు ఆయిల్, ఇన్ని గంటలకు పిస్టన్. కొనేముందు ఇంట్లో అడుక్కోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆదివారం సాయంత్రం అలసిపోయి ఇంటికొచ్చాక ఫిల్టరు ఎవరు కడుగుతారు?

ఈ మధ్య సూపర్‌క్రాస్ (స్టేడియంలో మట్టి ట్రాక్ వేసి నడిపే మోటోక్రాస్) వీడియోలు చూసి పిల్లలు అడగడం, తండ్రులు కదలడం ఎక్కువైంది. కావాసాకి, కేటీఎం కంపెనీలు పిల్లల బండ్లను ఇక్కడే అమ్ముతున్నాయి కాబట్టి విదేశాల నుంచి తెప్పించుకునే బాధ తప్పింది. కానీ ఏది కొనాలో తేల్చుకోలేక ఆగిపోయినవాళ్లు నాకు నెలకొకరైనా ఫోన్ చేస్తుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. టూ స్ట్రోక్ అంటే పిస్టన్ రెండు కదలికలకోసారి పెట్రోల్ మండే ఇంజన్, ఫోర్ స్ట్రోక్ అంటే నాలుగు కదలికలకోసారి.

## బండి పేరు కంటే ముందు

ఎక్కడ నడుపుతాడు? ఈ బండ్లకు హెడ్‌లైటు, ఇండికేటరు, నంబరు ప్లేటు ఉండవు, రిజిస్ట్రేషన్ కాదు. రోడ్డెక్కడానికి లేదు. "మా కాలనీలోనే కదా" అనుకోవద్దు, కాలనీ రోడ్డూ రోడ్డే. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనర్ నడిపి పట్టుబడితే తండ్రికో బండి యజమానికో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. కాబట్టి సొంత స్థలమో, యజమాని ఒప్పుకున్న స్థలమో ఉండాలి.

మన దగ్గర స్థలం అంటే మట్టి సంగతి కూడా చూసుకోవాలి. నల్లరేగడి వానకు చక్రానికి పట్టుకుని మడ్‌గార్డు కింద గట్టిగా నిండిపోతుంది, చక్రం తిరగదు. ఎండాకాలం అదే నేల నెర్రెలు విచ్చుతుంది. పిల్లల బండి ముందు చక్రం 14 అంగుళాలే, నెర్రెలో దిగితే పిల్లాడు హ్యాండిల్ మీంచి ఎగిరిపడతాడు. కృష్ణ ఇసుకలో నడిపిద్దామని చాలామందికి సరదా. ఇసుకలో చిన్న ఇంజన్ మొత్తం రేస్ మీద లాగాలి, వేడెక్కుతుంది, క్లచ్ కాలుతుంది, సన్న ఇసుక ఫిల్టరులోకి పోతుంది. అసలు ఆ ఇసుక మేట మనది కాదు, పక్కనే నీళ్లు. వరి కోసిన చేలు ఖాళీగా ఉంటాయి కదా అంటారు. డెల్టాలో కోతకు ముందే మినుము చల్లేస్తారు, ఖాళీ ఎక్కడిది? ఎర్ర గ్రావెల్ నేల దొరికితే అదే మేలు. మాకు గుంటూరు అవతల పేరేచర్ల వైపు మా బావమరిది వాళ్ల ఎకరంన్నర అలా దొరికింది. ఇంకా కట్టని రియల్ ఎస్టేట్ వెంచర్లు కొందరికి పనికొస్తాయి, కానీ అడిగి, గేటు వేయించుకుని మాత్రమే.

కాలి పొడవు ఎంత? వయసు కాదు. గోడకు ఆనించి నిలబెట్టి, కాళ్ల మధ్య ఒక పుస్తకం పైకి నొక్కిపెట్టి, నేల నుంచి దాని పైఅంచు దాకా టేపుతో కొలవండి. సీటు మీద కూర్చుంటే రెండు మునివేళ్లైనా నేలకు ఆనాలి. "వచ్చే ఏడాదికి సరిపోతుందిలే" అని పెద్ద సైజు చొక్కా కొన్నట్టు బండి కొనకూడదు. నేలకు కాలందని పిల్లాడు మలుపులో భయపడతాడు, భయపడినవాడు బ్రేకు పట్టేసి పడతాడు.

పని ఎవరు చేస్తారు, గంటకు ఎంత పడుతుంది? ఈ రెండూ కలిపే చూడాలి. షోరూమ్ ధర ఒక్కసారి ఇచ్చేది. పార్టులు, ఆయిలు, ఏస్ కిరాయి ప్రతి ఆదివారం ఉంటాయి. వీటికి తోడు హెల్మెట్, బూట్లు, మోకాలి గార్డు, ఛాతీ గార్డు, గాగుల్స్. వీటికి కనీసం 30, 40 వేలు పక్కన పెట్టకుండా బండి బేరం మొదలుపెట్టొద్దు. బూట్లు మాత్రం ఏటా మారుతూనే ఉంటాయి, పాదం ఆగదు కదా.

## ఒక్క చూపులో

| బండి | ఇంజన్ | గేర్లు, క్లచ్ | స్టార్టింగ్ | పెట్రోల్‌లో ఆయిల్ | ఎవరికి |
|---|---|---|---|---|---|
| కేటీఎం 50 ఎస్ఎక్స్ | టూ స్ట్రోక్, 49 సీసీ | గేరు లేదు, ఆటోమేటిక్ క్లచ్ | కిక్ | కలపాలి | రేసు ఆలోచన ఉన్న చిన్న పిల్లలు |
| కావాసాకి కేఎక్స్65 | టూ స్ట్రోక్, 64 సీసీ | 6 గేర్లు, చేతి క్లచ్ | కిక్ | కలపాలి, 32:1 | సైకిల్ మీద ఆరితేరిన 8–11 ఏళ్లవాళ్లు |
| కేటీఎం 65 ఎస్ఎక్స్ | టూ స్ట్రోక్, 65 సీసీ | 6 గేర్లు, హైడ్రాలిక్ క్లచ్ | కిక్ | కలపాలి | పోటీలకు వెళ్లేవాళ్లు |
| కావాసాకి కేఎల్ఎక్స్110ఆర్ ఎల్ | ఫోర్ స్ట్రోక్, 112 సీసీ | 4 గేర్లు, చేతి క్లచ్ | బటన్, కిక్ | అక్కర్లేదు | నేర్చుకునేవాళ్లు, ఇద్దరు పిల్లలున్న ఇల్లు |
| పాత రోడ్డు బండ్లు (యమహా ఆర్‌ఎక్స్, సుజుకి షోగన్) మార్చినవి | టూ స్ట్రోక్, 100 సీసీ, ఆ పైన | చేతి క్లచ్ | కిక్ | ఆయిల్ పంపు ఉంటుంది, తీసేస్తే కలపాలి | పొడుగైన టీనేజర్లు |
| ఎలక్ట్రిక్ | మోటారు | లేవు | స్విచ్ | అక్కర్లేదు | బుడతలు |

ధరల సంగతి. కావాసాకి 65, 110 రెండూ 3 లక్షల చుట్టుపక్కల ఉన్నాయి. కేటీఎం 2024 చివర్లో ఇక్కడ విడుదల చేసినప్పుడు 50కి 4.75 లక్షలు, 65కి 5.47 లక్షలు ప్రకటించింది. తర్వాత పన్నులు మారాయి, ఈరోజు ధర షోరూమ్‌లో అడగాల్సిందే.

## టూ స్ట్రోక్ అంటే ఒప్పుకోవాల్సినవి

మా వాడిది కేఎక్స్65. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను.

బండి బరువు 60 కిలోలు, సీటు ఎత్తు 760 మిల్లీమీటర్లు. అదే కేఎల్ఎక్స్110 అయితే 76 కిలోలు. పిల్లాడికి ఆ 16 కిలోల తేడా గాల్లోనూ తెలుస్తుంది, పడ్డాక లేపేటప్పుడూ తెలుస్తుంది. టూ స్ట్రోక్‌లో ఫోర్ స్ట్రోక్‌లా తెరుచుకుని మూసుకునే వాల్వులు లేవు, వాటిని కదిపే క్యామ్ లేదు. పిస్టన్, రింగు, సిలిండర్ అంతే. పాడైతే ఇంట్లోనే విప్పి పెట్టొచ్చు. ఇది దీని బలం.

బలహీనత కూడా అక్కడే ఉంది. తక్కువ రేస్‌లో ఏమీ లాగదు. పిల్లాడు రేస్ ఇస్తాడు, బండి గురగురలాడుతుంది, ఇంకా ఇస్తాడు, ఒక్కసారిగా అందుకుని దూకుతుంది. దాన్ని క్లచ్‌తో లొంగదీసుకోవడం వస్తే వాడు రైడర్ అయినట్టే. రానంతవరకు ప్రతి మలుపులో ఆగిపోతుంది. ఆగిన ప్రతిసారీ కిక్ కొట్టాల్సింది మీరు. మొదటి రెండు నెలలు నా కుడి మడమ నొప్పికి అమృతాంజనం ఒక సీసా అయిపోయింది. బటన్ స్టార్ట్ విలువ ఏమిటో అప్పుడు తెలిసింది.

తర్వాత ఆయిలు. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ ఇంజన్ అడుగున ఉంటుంది. ఇందులో క్రాంకుకూ పిస్టన్‌కూ అందే ఆయిల్ పెట్రోల్‌తో కలిసి వచ్చేదే. అది లేకపోతే ఇంకేమీ లేదు. 32:1 అంటే లీటరు పెట్రోల్‌కు 31 మిల్లీలీటర్లు, 5 లీటర్ల క్యానుకు 156. గుడ్డి లెక్కన మూతతో పోయకూడదు. మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి కొనండి, అంతకంటే మంచి కొలత లేదు. "ఆయిల్ కొంచెం ఎక్కువ పోస్తే మంచిదే కదా" అనేది ఆర్‌ఎక్స్ రోజుల నాటి మాట. ఆయిల్ ఎక్కువైతే అంతమేరకు పెట్రోల్ తగ్గుతుంది, పైగా ప్లగ్గు నల్లబడి తడుస్తుంది. మాన్యువల్‌లో ఎంత ఉంటే అంతే. బంకులో ప్యాకెట్ల మీద అమ్మే మామూలు 2టీ ఆయిల్ కాకుండా పూర్తి సింథటిక్ వాడండి, జాసో ఎఫ్‌డీ అని (టూ స్ట్రోక్ ఆయిల్ నాణ్యత గ్రేడు) డబ్బా మీద ఉంటుంది. పెట్రోల్ 95 ఆక్టేన్‌కు తగ్గకుండా.

పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ ఉంది, అది గాలిలోని తేమను లాక్కుంటుంది. మన కోస్తా తేమకు వానాకాలంలో కలిపిన పెట్రోల్‌ను నెల్లాళ్లు ట్యాంకులో ఉంచితే కార్బురేటర్ విప్పాల్సిందే. ఆ ఆదివారానికి సరిపడా కలుపుకోండి, మిగిలింది దించేయండి, కార్బురేటర్ గిన్నె కూడా ఖాళీ చేయండి.

ఇక మా ఇంజన్ పట్టేసిన కథ. మేం రెండు క్యాన్లు తీసుకెళ్లేవాళ్లం, ఒకటి కలిపినది, ఇంకొకటి ఉత్త పెట్రోల్. రెండూ తెల్లవే. ఒకరోజు మధ్యలో ట్యాంకు అయిపోతే మా బావమరిది సాయానికి వచ్చి నింపాడు. మూడో రౌండులో శబ్దం సన్నగా, గరగరమని మారింది. నేను చెయ్యి ఊపేలోగా వెనక చక్రం బిగుసుకుపోయింది, పిల్లాడు పక్కకు ఒరిగి గ్రావెల్ మీద జారాడు. మోచేతి గార్డు ఉంది కాబట్టి సరిపోయింది. "బావా, నేను పోసింది ఏ క్యానో నాకే తెలీదు" అన్నాడు పాపం. తప్పు వాడిది కాదు, క్యాను మీద రాయని నాది.

బండిని మెకానిక్ షెడ్లుండే మా ఆటోనగర్ తీసుకెళ్లాను. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్ అని మనం గొప్పగా చెప్పుకుంటాం, నిజంగానే లారీ ఇంజన్ నుంచి ఆటో గేర్‌బాక్స్ దాకా అక్కడ కానిది లేదు. మేస్త్రీ సిలిండర్‌ను వెలుగుకు పెట్టి చూసి "ఏం లేద్సార్, బోరు కొట్టించేసి ఓవర్‌సైజు పిస్టన్ వేద్దాం" అన్నాడు. ఆర్‌ఎక్స్100కు అది సరైన వైద్యం, దాని సిలిండర్‌లో పోత ఇనుము. ఈ బండి సిలిండర్ అల్యూమినియం, లోపల గట్టి పూత ఉంటుంది. కేటీఎంలోనూ పూతే. బోరు కొట్టడమంటే సిలిండర్ లోపలి గోడను అరగదీసి వెడల్పు చేయడం, అలా చేస్తే పూత పోతుంది, సిలిండర్ మూలకే. ఆయన నాకంటే ఎంతో అనుభవమున్న మనిషి, కానీ ఈ రకం బండి ఆయన బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు. నేను బతిమాలి వద్దన్నాను. గోడకు అంటుకున్నది పిస్టన్ నుంచి వచ్చిన అల్యూమినియమే అయితే జాగ్రత్తగా యాసిడ్‌తో తీసేసి కొత్త పిస్టన్ వేయొచ్చు. మాది పూత లోపలిదాకా గీసుకుపోయింది. కొత్త సిలిండర్, పిస్టన్ ఆర్డర్ పెట్టి ఆరు వారాలు ఆగాం. వాడి సంక్రాంతి సెలవులు అలా పోయాయి.

ఇప్పుడు మామూలుగా చేసే పని. ప్రతి రైడ్ తర్వాత ఫోమ్ ఫిల్టరు తీసి కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి పిండి పెట్టడం. మన ఎర్రమట్టి దుమ్ముకు ఒక్కసారి కూడా వదలకూడదు. తడి ఫిల్టరు పెట్టకూడదు, అందుకే రెండు ఫిల్టర్లు ఉంచుకోండి. గేరు ఆయిల్ అయిదారు గంటలకోసారి మారుస్తాను. చైన్, స్పోకులు ప్రతిసారీ చూస్తాను, కొత్త బండికి మొదటి రెండు మూడు రైడ్లలో స్పోకులు వదులవుతాయి. ప్లగ్గు తీసి రంగు చూస్తాను: బిస్కెట్ రంగు అయితే బాగున్నట్టు, తెల్లగా ఉంటే బండి ఎండుతున్నట్టు, అంటే గాలికి తగ్గ పెట్రోల్ చాలనట్టు, నల్లగా తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువవుతున్నట్టు. ఎండాకాలం గాలి పలచబడి ప్లగ్గు నల్లబడుతుంది, జనవరి తెల్లవారుజామున అదే కార్బురేటర్ సెట్టింగు ఎండు వైపు జరుగుతుంది. ఇంజన్‌కు ప్రమాదం రెండోదే. స్టార్ట్ చేశాక రేడియేటర్ చేతికి వెచ్చగా తగిలేదాకా పిల్లాణ్ణి ఎక్కనివ్వను.

పిస్టన్ నేను 30 గంటలకు మారుస్తున్నాను. మేం నెలకు నాలుగైదు గంటలు నడుపుతాం, అంటే ఆరేడు నెలలకోసారి. రేసులకు వెళ్లేవాళ్లు ఇంతకంటే చాలా ముందే మార్చాలి. దీనికోసం ప్లగ్గు వైరుకు చుట్టే చిన్న అవర్ మీటరు పెట్టుకోండి, లేకపోతే గంటల లెక్క మనకు అనుకూలంగా మర్చిపోతాం.

## కేటీఎంలు

బ్రేకులు, సస్పెన్షన్, హైడ్రాలిక్ క్లచ్ చూస్తే 65 ఎస్ఎక్స్ కావాసాకి కంటే ఒక తరం ముందుంది. కేఎక్స్65 2000 సంవత్సరం నుంచి పెద్దగా మారకుండా వస్తున్న బండి. పక్కపక్కన పెడితే తేడా పిల్లాడికే తెలుస్తుంది. కానీ పాత డిజైన్‌కు ఒక లాభం ఉంది, దానికి తెలియని జబ్బులు లేవు. రెండు లక్షలకు పైగా తేడా పెట్టాలంటే పోటీల్లోకి దిగే ఉద్దేశం గట్టిగా ఉండాలి. ఆ తేడాతో బెంగళూరు దగ్గర ర్యాలీ రైడర్ సీఎస్ సంతోష్ నడిపే బిగ్‌రాక్ డర్ట్‌పార్క్ లాంటి చోట ఎన్ని రోజులు శిక్షణ ఇప్పించవచ్చో లెక్కేసుకోండి. నేనైతే బండి మీద కాక పిల్లాడి మీద పెడతాను.

50 ఎస్ఎక్స్‌కు గేరు లేదు కాబట్టి బొమ్మ అనుకోవద్దు, అది అచ్చమైన రేసు బండి. చిన్న పిల్లలు బ్రేకు నొక్కిపెట్టే రేస్ ఇస్తారు, దాంతో ఆటోమేటిక్ క్లచ్ కాలుతుంది. రెండేళ్లకే సైజు చాలదు. నాలుగు లక్షలకు పైన పెట్టి రెండేళ్లా అని మా ఆవిడ అడిగింది, నా దగ్గర సమాధానం లేదు.

## ఫోర్ స్ట్రోక్ నేర్చుకునే బండి

కేఎల్ఎక్స్110 గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, అదే దాని గొప్ప. బంకులో పెట్రోల్ కొట్టించు, బటన్ నొక్కు, నడుపు. తక్కువ రేస్ నుంచే మెల్లగా లాగుతుంది, పిల్లాడు ఆగిపోడు. ఇంజన్ ఆయిల్, ఫిల్టరు చూసుకుంటే ఏళ్లు తిరుగుతుంది. దీని ఇంజన్ గాలితో చల్లబడే మామూలు రకం, ఏ మేస్త్రీ అయినా విప్పగలడు. అక్క తర్వాత తమ్ముడు, ఆ తర్వాత బాబాయి కొడుకు నడపొచ్చు. జంపులు కొట్టడానికి మాత్రం సస్పెన్షన్ మెత్తన. బరువు చెప్పాను కదా.

నిజం చెప్పాలంటే నాకు ఫోన్ చేసేవాళ్లలో పదిమందిలో ఏడుగురికి ఇదే చెబుతాను. ఆ ఏడుగురిలో అయిదుగురు "కానీ టూ స్ట్రోక్ సౌండ్..." అంటారు. ఆ సౌండు కావాల్సింది పిల్లాడికా, కాలేజీ రోజుల్లో ఆర్‌ఎక్స్ మీద బందరు రోడ్డులో తిరిగిన నాన్నకా?

## మిగిలినవి

ఆన్‌లైన్‌లో తాడు లాగి స్టార్ట్ చేసే 49 సీసీ చైనా మినీ బైకులు తక్కువలో దొరుకుతాయి. వెల్డింగులు, బ్రేకులు చూశాక నేను వద్దంటాను. పార్టులకు నంబర్లు ఉండవు, విరిగితే ఏది సరిపోతుందో ఎవరికీ తెలియదు.

పాత ఆర్‌ఎక్స్‌నో షోగన్‌నో ఆటోనగర్‌లో డర్ట్ బండిగా మార్పించడం మన దేశంలో డర్ట్ రేసుల పాత దారి. పార్టులు, బోరు, తెలిసిన చేతులు అన్నీ ఇక్కడే ఉన్నాయి. బండి బరువు వంద కిలోలకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి పద్నాలుగు, పదిహేనేళ్ల పొడుగాటి పిల్లలకే. ఇప్పుడు మంచి ఆర్‌ఎక్స్ ధర చూస్తే దాన్ని కోయడానికి మనసొప్పదు, అది వేరే సంగతి.

ఆరేళ్ల లోపు వాళ్లకు ఎలక్ట్రిక్. చప్పుడు లేదు, పక్కింటివాళ్లతో గొడవ లేదు, వేగానికి హద్దు పెట్టొచ్చు. బ్యాలెన్సు, బ్రేకు నేర్చుకోవడానికి అంతకు మించి అక్కర్లేదు.

## మీరు వీళ్లలో ఎవరు?

పిల్లాడు ఇంతవరకు ఏ ఇంజన్ బండీ ఎక్కకపోతే, మీకు స్పానర్ పట్టే అలవాటు లేకపోతే కేఎల్ఎక్స్. వాడు సైకిల్ మీద గట్లు దూకుతూ మోకాళ్లు చీరుకుని మళ్లీ ఎక్కే రకమైతే, మీకు వారానికి రెండు గంటలు చేతులు నల్లగా చేసుకునే ఓపిక ఉంటే కేఎక్స్65. ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటారు రేసులను చూసే సంఘం) లైసెన్సు తీసుకుని పోటీలకు పంపే ఆలోచన, అందుకు డబ్బు ఉంటే కేటీఎం. స్థలం ఇంకా తేలకపోతే ఏదీ వద్దు, ముందు ఏదైనా శిక్షణ కేంద్రంలో రెండు మూడు రోజులు అద్దె బండి మీద నడిపించి చూడండి. ఇద్దరు మిత్రులు అలా తీసుకెళ్లారు. ఒకరి అమ్మాయి మూడోరోజు కూడా దిగనంది, వాళ్లు కొన్నారు. ఇంకొకరి అబ్బాయి మొదటిరోజు మధ్యాహ్నమే "నాన్నా, క్రికెట్ బ్యాట్ కొను" అన్నాడు.

సెకండ్ హ్యాండ్ అయితే, వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, చల్లారేదాకా కూర్చుని అప్పుడు కిక్ కొట్టించండి. కిక్ మెత్తగా దిగిపోతే పిస్టన్ పని అయిపోయింది. ఫిల్టర్ పెట్టె తెరిచి, ఫిల్టరు వెనకవైపు గొట్టంలో వేలు పెట్టి తుడవండి. వేలికి మట్టి అంటితే ధర గురించి కూడా మాట్లాడకుండా టీ తాగి వచ్చేయండి. ఆర్సీ లేని బండి కాబట్టి మొదటి బిల్లు మీ చేతికి రావాలి. ఏస్‌లో వేసుకుని వెళ్తుంటే దారిలో ఆపినప్పుడు చూపించాల్సింది కూడా అదే.

ఎండల గురించి ఒక్క మాట. రోహిణి కార్తె దాకా ఆగక్కర్లేదు, ఏప్రిల్ మొదలవగానే మేం ఉదయం ఏడున్నరకల్లా ముగించేస్తాం. హెల్మెట్, బూట్లు, గార్డులు అన్నీ తొడుక్కున్న పిల్లాడు ఇంజన్ కంటే ముందు వేడెక్కుతాడు. జూన్‌లో వానలు పడి దుమ్ము అణిగాక మళ్లీ మొదలు.

మా క్యాన్లు ఇప్పుడు ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. ఎర్రదాని మీద మా వాడు పెయింటుతో "ఆయిల్ ఉంది" అని రాశాడు. తెల్లదాని మీద "మామయ్య ముట్టుకోవద్దు" అని రాశాడు.